అతసీపుష్పార్చన

శ్రీకృష్ణుని దేహకాంతిని అతసీపుష్పంతో పోల్చడం మన స్తోత్రవాఙ్మయంలో పరిపాటి. అతసి అనగా అవిసె. ఆ కుటుంబానికే చెందిన నీలి అవిసె అమెరికా పశ్చిమ ప్రాంతపు కొండవాలులలో సహజంగా పూస్తుంది. 1806లో దానిని సేకరించిన అన్వేషకుడు మెరివెథర్ లూయిస్ పేరే దానికి స్థిరపడినది.

కొలరాడోలో నివసించే ఒక తెలుగు గృహిణిని, స్వగ్రామంలో మంచం పట్టిన తల్లి "ఆ పూలతో ఒక్కసారి స్వామికి అర్చన చేసి చూపించమ్మా" అని కోరినది. శరత్కాలాంతమున ఆమె విత్తనాలు చల్లి, పైన పలుచగా మన్ను కప్పినది. మంచు కరిగిన పిమ్మట సన్నని మొలకలు వచ్చాయి. కాని ఆ యేడు ఆకులే తప్ప పూలు లేవు. విత్తిన మొదటి సంవత్సరం ఈ మొక్క వేళ్లూనుకోవడంతోనే సరిపోతుంది. ఆ హేమంతంలో తల్లి పరమపదించినది.

మరుసటి జ్యేష్ఠమాసంలో ఒక ఉదయం మడి అంతా నీలవర్ణం. ఆమె పూలు కోసి పటం ముందుంచినది. మధ్యాహ్నానికే రేకులన్నీ రాలిపోయాయి. ఒక్కొక్క పుష్పానికి ఆయువు ఒక్క పూటయే. ఆమె దుఃఖం ఆపుకోలేకపోయినది. తెల్లవారేసరికి ఆ మొక్కలకే మళ్లీ కొత్త పూలు.

ఫలాపేక్ష విడువుమన్న గీతోపదేశం ఆమెకు బాల్యంలోనే కంఠస్థం. బోధపడినది మాత్రం ఆ మడి వద్దనే. నాటినుండి ఆమె పూలు కోయడం మానినది. కాడమీది పూలనే స్వామికి నివేదించి, తల్లిని స్మరిస్తున్నది. ఎండిన కాయలనుండి తీసిన విత్తనాలను శరత్తులో మరల చల్లినది. ఈసారి అవి ఎప్పుడు పూయునో లెక్కించలేదు.