ఆది జాకెట్టు, ఎడమ రెక్క

కొత్త జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్లినప్పుడు గుడ్డతోబాటు ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టొకటి ఆదికి ఇస్తాం. కుట్టే మనిషి దాన్ని పరిచి భుజం, చంక, నడుము కొలుచుకుని కొత్తది కత్తిరిస్తుంది. ఆ కొత్తదాన్ని ఎవరూ నకలు అనరు. ఆది ఒకటే కావచ్చు, గుడ్డ వేరు, కత్తెర పట్టిన చెయ్యి వేరు. తెనాలిలో మా అమ్మ నలభై ఏళ్లపాటు ఉషా మిషను మీద చేసింది ఈ పనే. ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో, మా గరాజ్‌లో, ఏడాదిన్నరగా నేను చేస్తున్నదీ అలాంటిదే. నా ఆది మాత్రం ఒక విమానం. పేరు నోబ్లర్.

1950ల మొదట్లో జార్జ్ ఆల్డ్రిచ్ అనే అమెరికన్ ఛాంపియన్ రూపొందించిన మోడల్ విమానమిది. రేడియోతో నడిచేది కాదు. దాదాపు అరవై అడుగుల పొడవుండే రెండు సన్నని ఉక్కు తీగలు ఎడమ రెక్క చివర్నుంచి బయటికొచ్చి, మధ్యలో నిలబడ్డ మనిషి చేతిలోని పిడికి చేరతాయి. విమానం మనిషి చుట్టూ తిరుగుతుంది, దానితోబాటు మనిషీ తిరగాలి. పిడిని కాస్త వంచితే లోపలున్న బెల్‌క్రాంక్ అనే మీట కదిలి తోక మీది ఎలివేటర్ లేస్తుంది. అదే క్షణంలో రెక్క వెనక అంచునున్న ఫ్లాపులు కిందికి దిగుతాయి. అందుకే అది చదరపు పల్టీలో మూల దగ్గర చటుక్కున మలుపు తీసుకోగలదు. గుండ్రని పల్టీలు, చదరపు పల్టీలు, తలకిందుల చక్కర్లు, నాలుగు రేకుల ఆకారం వరసగా చేసి చూపిస్తే జడ్జీలు మార్కులేస్తారు. 1969 చివరికల్లా వచ్చిన డిజైన్లను ‘క్లాసిక్’ అంటారు. వాటిని మళ్లీ తయారుచేసి ఎగరేసే పోటీలు విడిగా ఉన్నాయి.

ప్లాను తెప్పించుకున్నాను. బాల్సా చెక్క తూకం చూసుకుని ఏరుకున్నాను. రిబ్బులు ఒక్కొక్కటీ కోసి, గరుకు కాగితంతో రుద్ది, యాభై అంగుళాల రెక్క నిలబెట్టాను. సామాను కొనే కొట్లో “మీ అబ్బాయి కోసమా?” అని ఎన్నిసార్లు అడిగారో లెక్క పెట్టుకోలేదు.

అస్థిపంజరం వరకు సరే, గుడ్డ దగ్గరికొచ్చేసరికి పని నా చెయ్యి దాటింది. పలచని పట్టుగుడ్డ తడిపి రెక్క మీద పరిచి, ముడత లేకుండా లాగి, అంచుల వెంట డోపు రాయాలి. డోపంటే సెల్యులోజుతో చేసే ఘాటైన వార్నిషు. ఆరేకొద్దీ గుడ్డని డప్పులా బిగిస్తుంది. లాగడంలో ఒక పక్క ఎక్కువైతే రెక్క మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన రెక్కతో విమానం తిన్నగా ఎగరదు.

అప్పుడు అమ్మ నా దగ్గరే ఉంది. కాసేపు నిలబడి చూసి, “పోగు వాటం చూసుకోవేమే? ఇటు లాగితే సాగదు, ఐమూలగా లాగితే సాగుతుంది” అంది. అద్దాలు తుడుచుకుని కూర్చుంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, జీవితంలో మోడల్ విమానం ముట్టుకోలేదు. గరాజ్ తలుపెత్తి, ఇద్దరం మాస్కులు కట్టుకున్నాం. రెండు సాయంత్రాల్లో ఎడమ రెక్కకి గుడ్డ తొడిగేసింది. ఆమె చేతుల్ని చూసి కుడి రెక్క నేను చేశాను. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో తేలిగ్గా తెలుస్తుంది.

నేనుంటున్న ఊరు రైట్ సోదరులది. వాళ్ల కంపెనీలో 1910లో చేరిన ఐడా హోల్డ్‌గ్రీవ్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. పేపర్లో ‘ప్లెయిన్’ కుట్టుపనికి, అంటే సాదా కుట్టుకి, మనిషి కావాలని ప్రకటన పడింది. నిజానికి వాళ్లడిగింది ‘ప్లేన్’ కుట్టు, విమానం కుట్టు. ఒక్క అచ్చుతప్పుతో ఆమె విమానాల రెక్కలకి గుడ్డ కుట్టే మనిషైంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కుట్టుపనివాళ్ల మీద అజమాయిషీ చేసింది. తను మొదటిసారి విమానం ఎక్కింది మాత్రం 1969లో, ఎనభై ఎనిమిదో ఏట.

అదే యుద్ధంలో బ్రిటన్‌లోని విమానాల షెడ్లలో రెక్కలకి డోపు పూసిన వాళ్లలో ఎందరో ఆడపిల్లలు. అప్పటి డోపులో టెట్రాక్లోరోఈథేన్ అనే ద్రావకం ఉండేది. ఆ ఆవిరి పీల్చి కాలేయం దెబ్బతిని, కామెర్లొచ్చి కొందరు చనిపోయారు. ఆ తర్వాతే ఆ ద్రావకాన్ని మాన్పించారు. విమానాల చరిత్రలో పైలట్ల పేర్లు, డిజైనర్ల పేర్లు మనకి కంఠతా వచ్చు. గుడ్డ తొడిగినవాళ్లు ‘పనివాళ్లు’ అన్న ఒక్క మాటలో ఒదిగిపోయారు.

ఇక నా చిక్కు. అమెరికా స్టంట్ పోటీల్లో ఎగరేసేవారే విమానాన్ని తయారుచేసి ఉండాలన్నది పాతకాలం నుంచీ ఉన్న నియమం. అందం, పనితనం చూసి ఇరవై దాకా మార్కులు విడిగా ఇస్తారు. ఈ నియమం నాకిష్టం. చేతిపనికి విలువ కట్టిన ఆటలు ఎన్ని ఉన్నాయి? అయితే అది ఒకే జత చేతుల్ని లెక్కలోకి తీసుకుంటుంది. భార్య, తల్లి, చెల్లెలు గరాజ్‌లో ఒక రెక్క పూర్తిచేస్తే వాళ్లు ఏ గళ్లోకీ రారు. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, మార్కులు నాకే వస్తాయి. అలా నోరు మూసుకునే కదా మనకొక చరిత్ర తయారైంది! పుస్తకాల ముందుమాటల్లో ‘రాతప్రతిని ఓపిగ్గా టైపు చేసిన నా శ్రీమతికి’ అన్న వాక్యం చూసి మనం ఎన్నోసార్లు నవ్వుకున్నాం. ఆ శ్రీమతి వాక్యాలు కూడా దిద్దిందేమో ఎవరికి తెలుసు?

అందుకని పనితనం మార్కులు తీసుకోకూడదనుకున్నాను. ఎడమ రెక్క మీద, చివరి పూత డోపుకి ముందు, నల్ల సిరాతో అమ్మ పేరు రాశాను. ఇంటిపేరుతో సహా, తెలుగులోనే.

అమ్మకిది నచ్చలేదు. “గుడ్డ తొడిగినందుకు పేరేమిటే? నీ మార్కులు పోతాయి” అంది. ఇన్నేళ్లలో తను కుట్టిన వేల జాకెట్లలో ఒక్కదాని మీదా తన పేరు లేదని, ఉండాలని తనకెప్పుడూ అనిపించలేదని కూడా అంది. ఆ మాట నాకు మార్కుల కన్నా బరువుగా తోచింది.

ఇంజను తిరిగినప్పుడు ఇంధనంలో కలిపిన ఆముదం కాలి, మా అమ్మమ్మగారింటి దీపం వాసన వస్తుంది. విమానం నా చుట్టూ తిరుగుతున్నంతసేపూ నావైపు ఉండేది ఎడమ రెక్కే. తీగలు వచ్చేదీ దాన్నుంచే. నా పిడి ఎటు వంగినా, ముందు తెలిసేది ఆ రెక్కకే.