వాన్ దీవి ముందు సిమెంటు దిమ్మెలు

తూత్తుకుడి నుండి పడవలో బయలుదేరిన కొద్దిసేపటికే మాకు వాన్ దీవి కనిపించింది. దీవి అనడానికి మనసొప్పలేదు. ఒక ఇసుక మేట, దానిపై కొన్ని పొదలు, అంతే. జాతీయ సముద్ర ఉద్యానవనంలో భాగమైనందున అక్కడ దిగడానికి వీలులేదు. పడవలోనుండే చూశాము.

మన్నార్ సింధుశాఖలోని 21 దీవులలో రెండు ఇప్పటికే నీట మునిగాయి. వాన్ దీవి కూడా ఆ దారినే పట్టింది. కారణం మనిషే. దశాబ్దాల తరబడి ఇక్కడి పగడపు దిబ్బలను పెకలించి సున్నం కోసం తరలించారు. 2001లో చట్టం పగడాలకు రక్షణ కల్పించినా, తవ్వకం ఆగింది 2004 సునామీ తర్వాతనే. అప్పటికే అలలను అడ్డుకునే గోడ కూలిపోయింది.

ఆ గోడ స్థానంలో 2015 నుండి కాంక్రీటు దిమ్మెలను దించుతూ వచ్చారు. పగడాలను కాల్చిన సున్నం పోయిన చోటికే, సున్నపురాయితో చేసిన సిమెంటు వచ్చి చేరిందన్నమాట! దిమ్మెలకు రంధ్రాలుంటాయి. అల వాటిలోంచి దూరి బలం కోల్పోతుంది. చేపలకు అవే తలదాచుకునే గూళ్ళు.

అయితే ఏ కాంక్రీటైనా సరిపోదు. ఇల్లు కట్టే మేస్త్రీ అడిగేది ఒక్కటే: బరువు మోస్తుందా? అందుకు 28 రోజులు నీట నానబెట్టిన ఘనాన్ని యంత్రంలో నలిపి చూస్తే చాలు. సముద్రం మరికొన్ని ప్రశ్నలు వేస్తుంది. ఉప్పు లోపలికి చేరితే ఇనుప చువ్వలు తుప్పుతో ఉబ్బి దిమ్మెను పగులగొడతాయి. కొత్త కాంక్రీటు క్షారగుణం పి.హెచ్. 12కు పైన ఉంటుంది, సముద్రజలానిది సుమారు 8. ఆ ఘాటు తగ్గేవరకు సున్నితమైన జీవులు దరిచేరవు. అందుకే సిమెంటులో కొంత భాగానికి బదులు థర్మల్ కేంద్రాల బూడిద కలిపి చూస్తారు. వేర్వేరు పాళ్ళతో పోసిన పలకలను నెలల తరబడి సముద్రంలో ఉంచి, దేనిపై ఎన్ని గుల్లలు, ఎంత నాచు, ఎన్ని పగడపు పిల్లలు పట్టాయో లెక్కిస్తారు. నున్నని పలక కంటికి ఇంపు. పగడపు పిల్లకు గరుకు, గుంటలే కావాలి.

చేపలు చేరిన చోటికి వలలూ చేరతాయి. కనుక కాపలా లేని దిమ్మె వేటగాడికి ఎరవంటిదని మా అభిప్రాయం. 2016 వేసవిలో సముద్రం వేడెక్కి ఈ సింధుశాఖలో పగడాలు తెల్లబడి ఎన్నో చనిపోయాయి. ఆ వేడిని ఏ పాళ్ళ కాంక్రీటూ ఆపలేదు. అలల విషయంలో మాత్రం దిమ్మెలు తమ పని చేశాయి: వాటి వెనుక ఇసుక మళ్ళీ నిలుస్తోంది.