కార్పెట్ మీద ఇస్త్రీ మచ్చ

పిల్లలూ, మీ ఇంట్లో ఇస్త్రీ బల్ల ఉందా? మా ఇంట్లో చాలాకాలం లేదు. అది లేకపోవడం వల్ల ఏమైందో చెప్తాను, వినండి.

మేము న్యూజీలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్ నగరంలో, రిక్కార్టన్ అనే చోట ఒక అద్దె ఇంట్లో నాలుగేళ్ళు ఉన్నాం. రెండు పడగ్గదులు, చిన్న వంటిల్లు, వెనకాల బట్టలు ఆరేసుకునే తీగ. ఐదు నిమిషాలు నడిస్తే రిక్కార్టన్ రోడ్డు. కందిపప్పూ కరివేపాకూ అక్కడే తెచ్చుకునేవాళ్ళం. శనివారం పొద్దున రిక్కార్టన్ హౌస్ దగ్గర రైతుల సంత. 2018లో మేము ఆ ఇంట్లో పాలు పొంగించినప్పుడు మా వాడికి ఆరేళ్ళు. 2022లో ఖాళీ చేసినప్పుడు పదేళ్ళు. ఆ ఖాళీ చేయడం గురించే ఈ కథ.

మా ఆయనకి హార్న్‌బీలో ఉద్యోగం వచ్చింది. అటువైపు ఇల్లు చూసుకున్నాం. ఇల్లు ఖాళీ చేయడమంటే సామాను సర్దుకుని తాళం వేసి వెళ్ళిపోవడం కాదు. "ఫలానా రోజున వెళ్ళిపోతున్నాం" అని ఇంటి ఓనరుకి ముందుగా రాసి ఇవ్వాలి. దాన్నే నోటీసు ఇవ్వడం అంటారు. నోటిమాట సరిపోదు. ఇంటి చిరునామా, ఆఖరి రోజు తేదీ, మన పేరు, అన్నీ కాగితం మీద ఉండాలి. అప్పట్లో కనీసం 28 రోజుల ముందు చెప్పాలని చట్టం. 2025 జనవరి 30 నుంచి అది 21 రోజులు అయింది. ఎన్నాళ్ళుంటామో తేదీ రాసుకోని అద్దెకే ఈ లెక్క. ఒక ఏడాదికని తేదీ పెట్టుకుని సంతకం చేస్తే, మామూలుగా ఆ తేదీ దాకా ఉండాల్సిందే.

నోటీసు ఇచ్చిన రోజున మా వాడు కేలండర్ మీద 28 గళ్ళు లెక్కపెట్టి, చివరి గడిలో చిన్న ఇల్లు బొమ్మ వేశాడు. అన్ని రోజులకూ అద్దె కట్టాలి మరి.

ఇప్పుడు డబ్బు సంగతి. అద్దెకు దిగేటప్పుడు ముందుగా కొంత డబ్బు కడతాం. మన ఊళ్ళలో దాన్ని అడ్వాన్సు అంటారు. ఇక్కడ బాండ్ అంటారు. ఇల్లు పాడుచేయకుండా, అద్దె బాకీ పెట్టకుండా వెళ్తే ఆ డబ్బు మనకి తిరిగి రావాలి. మా అద్దె వారానికి 480 డాలర్లు. బాండ్ నాలుగు వారాల అద్దె, అంటే 1,920 డాలర్లు. మామూలు బాండ్ కింద నాలుగు వారాల అద్దెకి మించి అడగకూడదని ఇక్కడి చట్టం.

ఇంకో సంగతి. ఈ డబ్బు ఓనరు తన దగ్గర పెట్టుకోకూడదు. 23 పనిదినాల లోపల టెనన్సీ సర్వీసెస్ అనే ప్రభుత్వ శాఖకు పంపాలి. వెళ్ళిపోయేటప్పుడు ఎవరికి ఎంత అని రాసిన ఫారం మీద ఓనరూ మనమూ ఇద్దరం ఒప్పుకుని సంతకం పెడితే, ఆ శాఖ డబ్బు ఇచ్చేస్తుంది. అంటే డబ్బు ఆయన జేబులోనూ ఉండదు, మన జేబులోనూ ఉండదు. మధ్యవర్తి దగ్గర ఉంటుంది.

మన వైపు అలా కాదు. అడ్వాన్సు ఓనరు చేతిలోనే ఉంటుంది. హైదరాబాదులో రెండు నెలల అద్దె అడగడం మామూలు. బెంగళూరులో పది నెలలది కూడా అడిగేవాళ్ళు. ఇళ్ళకి రెండు నెలల అద్దెకి మించి తీసుకోకూడదని 2021లో భారత ప్రభుత్వం ఒక నమూనా చట్టంలో రాసింది. కానీ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది.

మాకు వచ్చిన చిక్కేమిటంటే, పాత ఇంటి బాండ్ చేతికి రాకముందే కొత్త ఇంటి బాండ్ కట్టాలి. దాంతోపాటు ముందుగా కొంత అద్దె కూడా. మా దగ్గర ఉన్నదంతా ఊడ్చినా సరిపోలేదు. ఒక స్నేహితురాలి దగ్గర వెయ్యి డాలర్లు అప్పు తీసుకున్నాం. "పాత బాండ్ రాగానే ఇచ్చేస్తాం" అని మాటిచ్చాను. అందుకే ఆ 1,920లో ఒక్క డాలరు పోయినా నాకు గుండె గుభేలుమనేది.

వెళ్ళడానికి వారం ముందు, ఒక ఆదివారం, మా వాడి గదిలో పుస్తకాల బీరువా జరిపాం. దాని కింద కార్పెట్ మీద ఒక మచ్చ. గోధుమ రంగులో, పడవ ఆకారంలో. చేత్తో తడిమితే గట్టిగా, గరుగ్గా ఉంది. కార్పెట్ దారాలు కరిగి అతుక్కుపోయాయి. అది ఇస్త్రీ పెట్టె ముద్ర అని చూడగానే తెలిసిపోయింది.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"నాకు తెలీదు" అన్నాడు. కానీ వాడి చెవులు ఎర్రబడ్డాయి.

నేను ఇంకేమీ అడగలేదు. రాత్రి పడుకునేటప్పుడు దుప్పటి ముఖం మీదికి లాక్కుని, లోపలి నుంచి మెల్లగా చెప్పాడు. "అమ్మమ్మ చెప్పొద్దంది."

మా అమ్మ 2019 చివర్లో తెనాలి నుంచి వచ్చి మా దగ్గర మూడు నెలలు ఉంది. ఆవిడకి నుంచుని ఇస్త్రీ చేయడం అలవాటు లేదు. దుప్పటి నాలుగు మడతలు వేసి నేల మీద పరిచి, పక్కన కూర్చుని చేస్తుంది. మా చిన్నప్పటి నుంచీ మా బడి బట్టలన్నీ అలాగే చేసింది. తెనాలిలో నేల గచ్చు. పెట్టె పక్కన పెట్టినా ఏమీ కాదు. ఇక్కడ నేలంతా నైలాన్ కార్పెట్. ఆ రోజు మా వాడు "అమ్మమ్మా, చూడు చూడు!" అని తను కట్టిన లెగో రైలు చూపించాడట. ఆవిడ అటు తిరిగి, పెట్టెని దుప్పటి మీద అనుకుని కార్పెట్ మీద పెట్టేసింది. తర్వాత ఇద్దరూ కలిసి బీరువాని ఆ మచ్చ మీదికి జరిపారు.

"నేను పిలవకపోతే అమ్మమ్మ అటు తిరిగేది కాదు" అని ఏడ్చాడు మా వాడు.

2020 ఫిబ్రవరిలో అమ్మ వెళ్ళిపోయింది. మార్చిలో కోవిడ్ వల్ల న్యూజీలాండ్ సరిహద్దులు మూసేశారు. రెండేళ్ళకి పైగా ఆవిడ రాలేకపోయింది, మేమూ వెళ్ళలేకపోయాం. ఫోన్లో రోజూ మాట్లాడుకునేవాళ్ళం. అన్నాళ్ళూ ఆ మచ్చ వీడి మంచం పక్కనే ఉంది. వీడు దాని మీది బీరువాలోంచి పుస్తకాలు తీసుకుని చదువుకుంటూనే ఉన్నాడు.

నిజం చెప్తాను. నేను మొదట అనుకున్నది "ఓనరుకి చెప్పకుండా ఊరుకుందాం" అనే. మా ఆయన కూడా "వాళ్ళే చూసుకోనీ, కనబడకపోవచ్చు" అన్నారు. ఖాళీ గదిలో అంత మచ్చ కనబడకుండా ఎక్కడికి పోతుంది? పైగా పక్క గదిలో వాడు నిద్రపోలేదని నాకు తెలుసు. మేము ఏం చేస్తామో వింటున్నాడు.

మర్నాడు రాత్రి అమ్మకి వీడియో కాల్ చేశాం. మాకు తొమ్మిది, తెనాలిలో మధ్యాహ్నం రెండున్నర. వాడే మాట్లాడాడు. "అమ్మమ్మా, నేను చెప్పేశాను."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మంచి పని చేశావురా కన్నా. అసలు నేనే చెప్పాలి. పెద్దదాన్ని, నీ మీద పెట్టేశాను. పెట్టె పెట్టింది నేను, నువ్వు కాదు."

అప్పుడు నాకు తెలియని ఒక సంగతి చెప్పింది. నేను పుట్టకముందు అమ్మా నాన్నా ఒక వాటాలో అద్దెకుండేవాళ్ళట. వాటా అంటే ఒకే ఇంట్లో కొన్ని గదులు. ఖాళీ చేసేటప్పుడు ఓనరు గోడకి మేకులు కొట్టారని, వంటింటి గోడకి మసి పట్టిందని చెప్పి, మూడు వందల అడ్వాన్సూ ఇవ్వనన్నాడట. రసీదు లేదు, కాగితం లేదు. అడగడానికి దారీ లేదు. "మేకుకే అంత చేశాడే, దీనికి మొత్తం మింగేస్తారనుకున్నానమ్మా. నా మూలాన మీ డబ్బు పోతుందని నోరు రాలేదు" అంది.

ఆ రాత్రే మచ్చని ఫోటో తీసి, "ఇది మా వల్ల జరిగింది" అని రాసి, ఓనరు తరఫున ఇల్లు చూసుకునే మేనేజరుకి పంపాను.

ఆఖరి రోజున ఆవిడ వచ్చి ఇల్లంతా చూసింది. ఆ గది కార్పెట్ మొత్తం మార్చాలి, తొమ్మిది వందల డాలర్లు అంది. కర్టెన్లు వెలిసిపోయాయి, వాటికీ కొంత కట్టాలి అంది. నాకు నోరెండిపోయింది. కానీ మా దగ్గర కాగితాలున్నాయి. ఇంట్లో దిగిన రోజునే గది గదికీ ఎలా ఉందో రాసిన పత్రం, దానితో తీసిన ఫోటోలు. ఆ ఫోటోల్లో కర్టెన్లు అప్పటికే వెలిసి ఉన్నాయి.

పిల్లలూ, ఇక్కడ ఒక తేడా తెలుసుకోండి. మనుషులు కాపురం ఉంటే ఇల్లు పాతబడుతుంది. ఎండకి కర్టెను వెలుస్తుంది, నడిచే దారిలో కార్పెట్ అరుగుతుంది. అది వాడకం. దానికి అద్దెకున్నవాళ్ళు డబ్బు కట్టక్కర్లేదు. ఇస్త్రీ పెట్టెతో కాల్చడం వాడకం కాదు, నష్టం. మనింటికి వచ్చిన చుట్టం చేసినా దానికి మనమే జవాబుదారీ. కావాలని కాకుండా, అజాగ్రత్త వల్ల జరిగిన నష్టానికి మాత్రం ఒక హద్దు ఉంది. నాలుగు వారాల అద్దె, లేదా ఓనరు బీమాలో తను భరించాల్సిన మొత్తం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అంతవరకే. పాత వస్తువుకి కొత్త వస్తువు ధర అడగడం కూడా న్యాయం కాదు. ఎంతకీ తేలకపోతే టెనన్సీ ట్రిబ్యునల్‌కి వెళ్ళవచ్చు. అక్కడ మామూలుగా లాయర్లు లేకుండా ఇద్దరూ తమ మాట తామే చెప్పుకుంటారు.

మేము అంతదాకా వెళ్ళలేదు. కార్పెట్ వేసి ఎన్నేళ్ళయిందని రాసి అడిగాం. తొమ్మిదేళ్ళని జవాబు వచ్చింది. తర్వాత కార్పెట్ బాగుచేసే మనిషి వచ్చి చూశాడు. అదే గదిలో గోడ అల్మారా లోపల, ఎవరూ నడవని మూల, అదే కార్పెట్ ఉంది. అక్కడి నుంచి ఒక ముక్క కోసి మచ్చ ఉన్నచోట అతికిస్తానన్నాడు. ఖర్చు 240 డాలర్లు. కర్టెన్ల మాట మేనేజరు మళ్ళీ ఎత్తలేదు. ఫారంలో 240 వాళ్ళకి, 1,680 మాకు అని రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. డబ్బు వచ్చిన రోజునే స్నేహితురాలి వెయ్యి తిరిగి ఇచ్చేశాను.

తాళాలు ఇచ్చేశాక, హార్న్‌బీ వెళ్ళేముందు మా వాడు "ఒక్కసారి అడవికి వెళ్దాం" అన్నాడు. రిక్కార్టన్ హౌస్ పక్కన చిన్న అడవి ఉంది. ఆ చోటికి మావోరీ భాషలో పుటారింగామోటు అని పేరు. వందల ఏళ్ళ నాటి కహికాటియా చెట్లు ఇంకా అక్కడ నిలబడి ఉన్నాయి. 1843లో స్కాట్లండ్ నుంచి వచ్చిన డీన్స్ అన్నదమ్ములు అక్కడ కాపురం పెట్టారు. తమ సొంతూరి పేరే ఈ చోటికీ పెట్టుకున్నారు, రిక్కార్టన్ అని. 1846లో వాళ్ళు ఆ నేలని న్గాయ్ తాహు మావోరీల దగ్గర కౌలుకి తీసుకున్నారు. ఆ అడవి 1914 నుంచి ప్రజలందరిదీ అయింది.

"అంటే వాళ్ళు కూడా అద్దెకే ఉన్నారా?" అన్నాడు మా వాడు.

"అవును, మొదట్లో."

"వాళ్ళు కూడా ఏదైనా కాల్చారేమో" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ రోజు నవ్వాడు.

కొత్త ఇంట్లో పాలు పొంగించిన పొద్దున, తెనాలిలో ఇంకా తెల్లారలేదు. అయినా అమ్మ లేచి కూర్చుని వీడియోలో చూసింది. "ఆ 240 నా పింఛనులోంచి పంపుతా" అంది. వద్దన్నాను. "అయితే ఒక ఇస్త్రీ బల్ల కొనండి" అంది. కొన్నాం. మరుసటేడు ఆవిడ వచ్చినప్పుడు మా వాడే ఆ బల్ల వేసి, "అమ్మమ్మా, ఇలా నుంచుని చెయ్యాలి" అని చూపించాడు. ఆవిడ రెండు చొక్కాలు చేసి, నడుం నొప్పంటూ కుర్చీ లాక్కుంది. మిగిలినవి వాడు చేశాడు. ఆవిడ కుర్చీలోంచి "మడత సరిగ్గా రాలేదు, మళ్ళీ చెయ్యి" అంటూ కూర్చుంది.

ఇప్పుడు మీ వంతు. మీ అమ్మానాన్నలు మొదటిసారి అద్దెకున్న ఇల్లు ఏ ఊళ్ళో? దానికి అడ్వాన్సు ఎంత కట్టారు? ఖాళీ చేసేటప్పుడు తిరిగి వచ్చిందా? ఇవాళ భోజనాల దగ్గర అడగండి. వాళ్ళు చెప్పింది పది వాక్యాల్లో రాయండి. వాటా, ఓనరు, ఖాళీ చేయడం లాంటి మాటలు వాళ్ళు ఎలా అంటే అలాగే రాయండి. అమ్మమ్మకో నానమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి అడిగితే ఇంకా మంచిది. ఇంట్లో ఎవరికీ తెలియని కథ ఒకటి మీకే మొదట దొరకొచ్చు.