అద్దం తీసివేసిన కెమెరా

గత సంవత్సరం కళాశాల వార్షికోత్సవం నాడు వేదిక ప్రక్కన నిలబడి ఫొటోలు తీస్తున్న ఒక బి.కాం. విద్యార్థి, సభ ముగిసిన పిదప మా వద్దకు వచ్చి, "సార్, ఈ అద్దం కెమెరాలు ఇక పోయినట్టేనా? మా నాన్న అప్పు చేసి కొనిస్తానంటున్నారు. డి.ఎస్.ఎల్.ఆర్. కొనమంటారా, మిర్రర్‌లెస్ కొనమంటారా?" అని అడిగాడు. తెలుగు బోధించే ఉపాధ్యాయునికి ఈ ప్రశ్న ఎందుకు ఎదురయిందా అని చదువరులు ఆశ్చర్యపడవచ్చు. మేము ఒక ఫొటో స్టూడియో వారి యింట పుట్టినవారమని ఆ విద్యార్థికి తెలుసు. అయినా ఆనాడు అతనికి సమాధానం చెప్పకుండా తప్పించుకున్నాము. ఇదే ప్రశ్నకు 2019లో ఒకసారి మేము ఎంతో ధీమాగా సమాధానం చెప్పి ఉన్నాము. దాని వలన మా యింటికి వచ్చిన నష్టం ఇంకా మరపునకు రాలేదు.

ముందుగా ఆ అద్దం సంగతి చెప్పాలి. డి.ఎస్.ఎల్.ఆర్. అని పిలిచే కెమెరాలో లెన్సు వెనుక నలభై అయిదు డిగ్రీల వాలున ఒక చిన్న అద్దం ఉంటుంది. లెన్సు గుండా వచ్చిన వెలుగు ఆ అద్దంపై పడి, పైకి మళ్ళి, గరుకు గాజు తెరపై బొమ్మ కడుతుంది. దానిపైనున్న అయిదు ముఖాల గాజుదిమ్మ ఆ బొమ్మను సరిచేసి మన కంటికి అందిస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టరు తెరుచుకుంటుంది, వెలుగు సెన్సారుపై పడుతుంది, అద్దం మరల క్రిందికి వస్తుంది. మనకు వినిపించే "టక్" అనే చప్పుడు అదే. అద్దం పైకి లేచిన ఆ రెప్పపాటు కాలం ఫొటో తీసేవాని కంటికి ఏమీ కనబడదు. విచిత్రమేమంటే ఫొటో పడేది సరిగా ఆ రెప్పపాటులోనే!

మిర్రర్‌లెస్ కెమెరాలో ఈ అద్దమూ లేదు, గాజుదిమ్మా లేదు. వెలుగు ఎల్లప్పుడూ నేరుగా సెన్సారుపై పడుతూ ఉంటుంది. సెన్సారు చూచిన బొమ్మను లోపలి చిన్న తెర మీద మనకు చూపుతారు. పాతదానిలో మనం చూచేది లోకాన్ని, కొత్తదానిలో చూచేది పడబోయే ఫొటోను. వెలుగు ఎక్కువో తక్కువో మీట నొక్కక ముందే తెలిసిపోతుంది.

మా తండ్రిగారు 1984లో ఆదోనిలో, పత్తి మార్కెట్టుకు పోయే దారిలో, ఒక గది అద్దెకు తీసుకొని స్టూడియో పెట్టారు. రెండు కన్నుల యాషికా ఒకటి, గొడుగు దీపాలు రెండు, వెనుక తాజమహలు పరదా ఒకటి. ఇదే ఆయన పెట్టుబడి. ఉదకమండలంలోని ప్రభుత్వ కర్మాగారంలో తయారయిన ఇందు ఫిల్మును డబ్బాల కొద్దీ తెచ్చి ఇంట్లో దాచేవారట. తరువాత కొన్నాళ్ళకు నికాన్ ఎఫ్ఎం2 కొన్నారు. మాకు జ్ఞానం తెలిసేనాటికి ఆయన మెడలో ఉన్నది అదే. సెలవులలో పెళ్ళిళ్ళకు మమ్మల్ని వెంట తీసుకొనిపోయి ఫ్లాషు పట్టుకోమనేవారు. "ఫ్లాషు వెలుగు నీ కంటికి కనబడిందా, ఫొటో పోయినట్టే. చీకటి కనబడితేనే ఫొటో పడినట్టు" అని అబ్బాజాన్ చెప్పేవారు. అద్దం లేచి ఉన్న క్షణంలో ఫ్లాషు వెలగాలి, ఆ క్షణంలో కంటికి చీకటే కనబడాలి అన్నది దాని భావం. మేము ఎం.ఏ. చదువుతూ అలంకారశాస్త్రంలో ధ్వని సిద్ధాంతం నేర్చుకుంటున్న రోజులలో ఈ మాట ఎన్నోసార్లు జ్ఞాపకం వచ్చేది.

2005 ప్రాంతంలో ఆయన డార్కురూము మూతపడింది. అన్నగారు, అనగా మా భాయిజాన్, డిజిటలు నేర్చుకొని స్టూడియో బాధ్యత తీసుకున్నారు. 2016లో ఒక ఫైనాన్సు సంస్థ వద్ద అప్పు చేసి నికాన్ డి750 కొన్నారు. ఆ కెమెరాతోనే మా చెల్లెలి పెళ్ళి అప్పు తీరింది, మా పైచదువు బాకీలు తీరాయి.

2018లో నికాన్, కెనాన్ కంపెనీలు రెండూ నిండు సైజు సెన్సారు గల మిర్రర్‌లెస్ కెమెరాలను తెచ్చాయి. సోనీ అంతకు అయిదేళ్ళు ముందే, 2013లోనే, ఆ పని చేసింది. మరుసటి సంవత్సరం భాయిజాన్ మాకు ఫోను చేశారు. "తమ్ముడూ, కర్నూలు వాడొకడు మన డి750ని అరవై అయిదు వేలకు అడుగుతున్నాడు. ఇది ఇచ్చేసి కొత్తదానిలోకి పోదామా? నువ్వు చదువుకున్నవాడివి, ఆలోచించి చెప్పు" అన్నారు. యింట్లో విశ్వవిద్యాలయం ముఖం చూచినవారం మేమొక్కరమే గనుక, కెమెరా విషయంలో సైతం మా మాటకు విలువ ఉండేది. (ఈ గౌరవం ఎంత ప్రమాదకరమో చదువుకున్న తమ్ముళ్ళందరూ గ్రహించాలి.)

మేము ఆలోచించలేదు. ఆలోచించినట్టు మాట్లాడాము. "ఆ చిన్న తెరలో కనబడేది వెలుగు కాదు భాయిజాన్, టెలివిజను బొమ్మ. బ్యాటరీ చూడండి, మీ కెమెరా ఒక్క చార్జికి 1230 ఫొటోలు తీస్తుంది, కొత్తది అందులో సుమారు మూడో వంతుకే ఆగిపోతుంది. లెన్సులు మళ్ళీ కొనాలి. ఇదంతా కంపెనీల వ్యాపారం. అద్దం కెమెరా అరవై ఏళ్ళు నిలిచింది, ఇంకో ఇరవై ఏళ్ళు నిలుస్తుంది, తొందరపడకండి" అన్నాము. ఇందులో బ్యాటరీ మాట నిజమే. లెన్సుల మాట సగం నిజం. మిగిలినది మా మమకారం. మా మనసులో ఉన్నది డి750 కాదు, అబ్బాజాన్ మెడలోని ఎఫ్ఎం2. ఆయన చెప్పిన చీకటి లేని కెమెరాను కెమెరాగా ఒప్పుకోవడం మాకు ఇష్టం లేకపోయింది. ఆ ఇష్టాన్నే సాంకేతిక అభిప్రాయంగా అన్నగారికి అందించాము.

కర్నూలు మనిషి మరొకరి వద్ద కొనుక్కున్నాడు. 2020లో కరోనా వచ్చి పెళ్ళిళ్ళే ఆగిపోయాయి. మరల 2021లో పెళ్ళిళ్ళు మొదలయ్యేసరికి అడిగేవారి మాట మారిపోయింది. మునుపు "ఆల్బంలో ఎన్ని షీట్లు?" అని అడిగేవారు, ఇప్పుడు "మిర్రర్‌లెస్ ఉందా?" అని అడుగుతున్నారు. ఆ పదానికి అర్థం అడిగినవారందరికీ తెలుసునని మేము అనుకోము. ఆదోనిలోనే ఒక పెద్ద ఆర్డరు, రెండు రోజుల పెళ్ళి, ఈ ఒక్క మాట మీద చేజారింది. అదే సమయంలో ఒక నిఖాలో మరొకటి జరిగింది. జీలకర్ర బెల్లం వేళ మేళతాళాల మధ్య కెమెరా చప్పుడు ఎవరికీ వినబడదు. నిఖా వేళ అలా కాదు. కాజీగారు ఖుత్బా చదువుతూ ఉండగా గది అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో భాయిజాన్ కెమెరా టక్ టక్ మంటూ ఉంటే కాజీగారు చదవడం ఆపి, తలెత్తి చూచి, మరల కొనసాగించారట. అంతే జరిగింది. కాని అన్నగారు ఆ చూపును ఇప్పటికీ చెప్పుకుంటారు.

2022లో డి750 ముప్పై రెండు వేలకు అమ్ముడుపోయింది. మూడేళ్ళలో సగం ధర పోయింది. కొత్త అప్పు మీద నికాన్ జెడ్6 రెండవ రకం వచ్చింది. ఆ అప్పు వాయిదాలలో కొన్ని మేము కట్టాము. కట్టాము గనుక తప్పు తీరిందని మాత్రం అనుకోవడం లేదు.

తరువాత, అనగా చదవవలసిన కాలం దాటిన పిదప, మేము ఈ విషయం శ్రద్ధగా చదివాము. లెన్సులు మార్చుకోగల మిర్రర్‌లెస్ కెమెరాను పానసోనిక్ కంపెనీ 2008లోనే తెచ్చింది. జపాను కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2012లో ప్రపంచానికి పంపిన డి.ఎస్.ఎల్.ఆర్.లు సుమారు కోటీ అరవై లక్షలు. 2020లో మొదటిసారి మిర్రర్‌లెస్‌ల సంఖ్య వాటిని దాటింది. 2024 నాటికి మిర్రర్‌లెస్‌లు సుమారు 56 లక్షలు, అద్దం కెమెరాలు పది లక్షలకు లోపు. కెనాన్ వారు 2020లో తెచ్చిన 1డి ఎక్స్ మార్క్ 3 తమ చివరి అగ్రశ్రేణి అద్దం కెమెరా అని వారి పెద్దలే 2021లో చెప్పారు. నికాన్ 2021లో తెచ్చిన జెడ్9లో అద్దమే కాదు, కదిలే షట్టరు కూడ లేదు. పెంటాక్స్ ఒక్కటి పంతం పట్టి 2021లో కొత్త అద్దం కెమెరా ఒకటి, 2023లో అందులోనే నలుపు తెలుపుల రకం ఒకటి విడుదల చేసింది. పంతానికి మేము నమస్కరిస్తాము, కాని అన్నగారి చేత కొనిపించము.

మా వాదంలోని మరొక లోపం కూడ అప్పుడే తెలిసింది. అద్దం కెమెరాకు ఆద్యం, అద్దం లేకపోవడం అపచారం అన్నట్టు మాట్లాడాము గదా! ఉర్దూ విద్యార్థులకు ఒక ముచ్చట: మనం గదిని "కమ్‌రా" అంటాము. అది పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చిన మాట. కెమెరాకూ దానికీ మూలపదం ఒక్కటే. వెయ్యి సంవత్సరాల క్రితం ఇబ్న్ అల్ హైసమ్ చీకటి గదిలో సన్నని రంధ్రం గుండా వెలుగును పంపి పరీక్షించిననాడు అందులో అద్దం లేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్ దయాళ్ (1844-1905) గాజు పలకల మీద హైదరాబాదు వైభవాన్ని పట్టుకున్ననాడు నల్లగుడ్డ ముసుగులో తలక్రిందుల బొమ్మను చూచుకొనేవారే గాని, ఆ పెట్టెలలోనూ ఈ ఎగిరే అద్దం లేదు. నికాన్ ఎఫ్ వచ్చిన 1959 నుండి లెక్కించినా అద్దం రాజ్యం అరవై ఏళ్ళు. మధ్యలో వచ్చినది మధ్యలో పోతున్నది.

అయితే కొత్తదానిలో లోపాలు లేవని కాదు. శబ్దం లేని పద్ధతిలో తీస్తే ఫంక్షన్ హాళ్ళలోని ఎల్.ఇ.డి. దీపాల క్రింద ఫొటోపై అడ్డచారలు పడుతున్నాయని భాయిజాన్ విసుక్కుంటారు. పెళ్ళికి నాలుగు బ్యాటరీలు జేబులో వేసుకొని పోతారు. బరువు తగ్గిందన్న ప్రచారం కూడ పూర్తిగా నిజం కాదు. డి750 840 గ్రాములు, జెడ్6 రెండవ రకం 705 గ్రాములు. పెద్ద లెన్సు తగిలించిన తరువాత ఆ తేడా భుజానికి తెలియదట.

ఈ సంవత్సరం కళాశాలకు కెమెరా కొనడానికి యాజమాన్య సంఘం వారు దయతో అంగీకరించి, ఏది కొనవలెనో వ్రాసి ఇమ్మని మమ్మల్ని అడిగారు. మేము వ్రాయలేదు. అన్నగారిని అడిగాము. ఆయన ఇలా చెప్పారు: "నేర్చుకునేవాడికి అద్దం ఉన్నదే ఇవ్వు. వెలుగు తప్పుగా పెట్టాడనుకో, తీసినాక తప్పు తెలుస్తుంది, బాగా గుర్తుంటుంది. ఒక కొత్తదాని ధరకు పాతవి రెండు మూడు వస్తాయి. పనికి పోయేవాడికి మాత్రం అది ఇవ్వకు. వాడిని ఆర్డరు అడిగేవాళ్ళు నీ మాట వినరు." కనుక కళాశాలకు వాడిన డి.ఎస్.ఎల్.ఆర్.లు రెండు కొనవలెనని సిఫారసు చేశాము. "పోతున్న వస్తువును కొనడమెందుకు?" అని సభ్యులొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పాఠం చెప్పే వస్తువుకు, కూడు పెట్టే వస్తువుకు గల తేడాను మనవి చేసుకున్నాము. ఆ బి.కాం. విద్యార్థిని పిలిచి, అప్పు చేసే పని అయితే అద్దం లేనిదే కొనుక్కోమని, అప్పు లేకుండా నేర్చుకోవాలంటే కళాశాల కెమెరా కోసం రెండు నెలలు ఆగమని చెప్పాము. అతడు ఆగాడు.

మొన్న రంజాను సెలవులకు ఆదోని వెళ్ళాము. అబ్బాజాన్‌కు ఒక కంటికి శుక్లాల ఆపరేషను అయింది, రెండవ కన్ను మసక. ఎఫ్ఎం2లో ఫోకసు కుదరక దానిని బీరువాలో పెట్టి చాలా కాలమయింది. అద్దం తీసివేయడం వలన కొత్త కెమెరాలో లెన్సుకూ సెన్సారుకూ మధ్య దూరం బాగా తగ్గింది. పాత నికాన్ పద్ధతిలో అది 46.5 మిల్లీమీటర్లు, కొత్తదానిలో 16. ఆ మిగిలిన జాగాలో ఒక ఉంగరం అమర్చితే పాత లెన్సు తగులుకుంటుంది. భాయిజాన్ బీరువాలోని 50 మిల్లీమీటర్ల లెన్సు తీసి, ఉంగరంతో జెడ్6కు బిగించి, చిన్న తెరలోని బొమ్మను పెద్దది చేసి ఆయన చేతికి ఇచ్చారు. అబ్బాజాన్ కంటికి ఆనించుకొని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ అమ్మ కనురెప్పలు కనబడుతున్నాయి" అన్నారు.

ఎదురుగా అమ్మీజాన్ గోధుమలు చెరుగుతున్నారు. ఆయన లెన్సును కొద్దిగా త్రిప్పి మీట నొక్కారు. చప్పుడు లేదు. చీకటి పడినట్టు ఆయనకు తెలియలేదు. "పడలేదురా" అని మరల నొక్కారు, మరల నొక్కారు. చివరకు కెమెరా దించి భాయిజాన్‌ను కోపంగా చూచారు. వెనుక తెర మీద చూస్తే పదకొండు ఫొటోలు ఉన్నాయి. పదింటిలో అమ్మీజాన్ కొంగు సర్దుకుంటూ "అయిందా, అయిందా" అని అడుగుతున్నారు. మొదటిదానిలో మాత్రం ఆమెకు ఫొటో సంగతే తెలియదు, చేటలోకి చూస్తున్నారు. అబ్బాజాన్ దానిని ప్రింటు వేయమన్నారు.