వ్యోమనౌకలో మా బోలీ

1998లో దూరదర్శన్‌లో 'కెప్టెన్ వ్యోమ్' అనే హిందీ సీరియల్ వచ్చేది. కేతన్ మెహతా దర్శకుడు, మిలింద్ సోమన్ హీరో. కథ జరిగేది 2123లో. జైలు నుంచి తప్పించుకున్న 12 మంది నేరస్థుల కోసం వ్యోమ్ అంతరిక్షమంతా గాలిస్తాడు. సంజామల వైపు శనగ చేలల్లో పనికి పోయే సుగాలి పిల్లలం మేము. చేతులు శనగచెట్ల మీద, మనసు చుక్కల్లో ఉండేది.

మా తండాలో టీవీ లేదు. ఊళ్లో ఒకరింటి వాకిట్లో కూర్చుని చూసేవాళ్ళం. ఏంటెన్నా తిప్పడానికి ఒకరు మిద్దె ఎక్కాల్సిందే. గాలి వస్తే బొమ్మ పోయేది, బొమ్మ వస్తే కరెంటు పోయేది.

అప్పట్లో బడిలో మేము నోరు విప్పితే నవ్వేవాళ్ళు. మా యాసను ఎక్కిరించేవాళ్ళు. వెనక వరసలో కూర్చుని, జవాబు తెలిసినా చెప్పకుండా ఉండటం అలవాటు చేసుకున్నాం. ఆ టీవీ ముందు మాత్రం లెక్క మారింది. ఊరి పిల్లలకు హిందీ ముక్క అర్థం కాదు. మాకు సగమన్నా తెలిసేది. మా గోర్ బోలీలో నీళ్ళు పాణి, చెయ్యి హాత్, రాత్రి రాత్, ఇల్లు ఘర్. మేము దాచుకున్న మాటలే టీవీలో అంతరిక్ష వీరుడి నోట వినిపిస్తుంటే ఒళ్ళు పులకరించేది. "ఏమన్నాడు? చెప్పండ్రా!" అని అందరూ మా వైపు తిరిగేవాళ్ళు. అర్థం కాని సగాన్ని మేమే కల్పించి చెప్పేవాళ్ళం. ఒకసారి ఒకణ్ణి చంపేశాం కూడా. మరుసటి వారం వాడు బతికే కనిపించాడు! "మంత్రమేసి లేపినార్లే" అని తప్పించుకున్నాం.

తండాకొచ్చాక మళ్ళీ కథ మొదలు. ఈసారి బోలీలో, దాదీ ముందు. వ్యోమనౌకకు మా దగ్గర మాట లేదు. ఆకాశంలో పోయే బండి అన్నాం. దాదీ కాసేపు ఆలోచించి, "మన పెద్దోళ్ళు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఏసుకొని లదేణి తోలినారు. ఈయప్పదీ లదేణే. అక్కడ నీళ్ళు దొరుకుతాయా?" అంది. ఇంకో ప్రశ్న కూడా వేసింది: "ఆయన గోరా, కోరా?" మావాళ్ళు గోర్, బయటివాళ్ళు కోర్. వేరే గ్రహం వాళ్ళను ఏమనాలో మాకూ తెలియలేదు.

కరెంటు పోయి ఆగిన భాగాలను మేమే పూర్తి చేసేవాళ్ళం. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలు మా కథలో నేరస్థుల జైలు. వాటి పొడవు 3,229 మీటర్లని తర్వాత తెలిసింది. 2002లో జనం చూడటానికి తెరిచాక వెళ్ళి, మా జైలు ఇంత పెద్దదా అనుకున్నాం.

కథను సరిగ్గా ప్రాణాపాయం దగ్గర ఆపడం పాత విద్యే. అమెరికాలో 1936లో 'ఫ్లాష్ గోర్డన్' 13 భాగాలుగా సినిమాహాళ్ళలో ఆడింది. తెలుగులో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క'తో చందమామ పిల్లల్ని నెలనెలా కాచుకునేలా చేశారు. ఆ ఆగిన చోటే వినేవాడికి కథ చెప్పే వంతు వస్తుంది. మాకు అలాగే వచ్చింది.

ఇప్పుడు తీజ్‌కు అందరం తండా చేరినప్పుడు ఫోన్‌లో పాత భాగాలు చూస్తాం. ఆ గ్రాఫిక్స్‌కు మా పిల్లలు పగలబడి నవ్వుతారు. మేమూ నవ్వుతాం, కానీ లేచి పోము. పిల్లలు తెలుగులోనే మాట్లాడుకుంటారు. బోలీలో అడిగితే తెలుగులో జవాబిస్తారు. మా గుండె కలుక్కుమనేది అక్కడే. బడి నవ్విందని మేము దాచిన భాషను ఇంట్లోనూ దాచేశామేమో.

2004లో మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు. అందులో బంజారా కూడా ఉంది. పుస్తకాలు అవసరమే. వాటితోపాటు వినేవాళ్ళూ కావాలి. టీచర్లకు మా మనవి ఒక్కటే: వారానికొకసారి ఒక సాహస కథను సగంలో ఆపండి. మిగతాది ఇంటి భాషలో చెప్పమని వెనక వరస పిల్లల్ని అడగండి. మీకు అర్థం కాకపోతే ఇంకా మంచిది. "ఏమన్నాడు? చెప్పండ్రా!" అని తరగతంతా వాళ్ళ వైపు తిరుగుతుంది.