కరివేపాకు చెట్టు దగ్గర కెమెరా

ఫాల్గుణం చివరికొచ్చేసరికి కరివేపాకు చెట్టు చిన్న చిన్న తెల్లపూల గుత్తులు వేస్తుంది. మునగ పూతతో నిండుతుంది, వేప మొగ్గ తొడుగుతుంది. పట్టుమని పది మొక్కలు లేని పెరట్లో కూడా ఈ రోజుల్లో కెమెరాకు చేతినిండా పని దొరుకుతుంది. అందుకు ఖరీదైన లెన్స్ కన్నా ముందు కావలసింది ఒకటుంది: ఏ పురుగు ఏ మొక్క మీదికి, ఏ వేళకు వస్తుందో తెలియడం.

వేళల సంగతి తీగజాతి మొక్కలే నేర్పుతాయి. గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. బీర సాయంత్రం పూస్తుంది. దాని దగ్గరి చుట్టం నేతిబీర మాత్రం తెల్లవారుజామునే పూస్తుంది. రెండూ పసుపు పూలే, ఒకే పందిరి మీద పాకుతాయి కూడా. అయినా ఒకదాని కోసం కాఫీకి ముందే పెరట్లోకి వెళ్లాలి, రెండోదాని కోసం దీపాలు పెట్టే వేళ దాకా ఆగాలి. సొర పువ్వుదీ సాయంత్రమే. తెల్లటి ఆ పువ్వు మసక వెలుతురులోనూ కనబడుతుంది, రాత్రి తిరిగే రెక్కల పురుగులు దాని మీద వాలతాయి.

పురుగుల ఫొటోలకు పొద్దుటిపూట మేలు. వాటి ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి మారుతుంది కనుక, రాత్రి చల్లబడిన సీతాకోకచిలుక ఎండ తగిలేదాకా చురుగ్గా ఎగరలేదు. రెక్కలు విప్పి వెచ్చబడుతూ కూర్చున్న ఆ కాసేపట్లో దగ్గరికి వెళ్లవచ్చు. నీడ దాని మీద పడకూడదు, అడుగు మెల్లగా పడాలి.

దగ్గరికి వెళ్లాక అసలు చిక్కు మొదలవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో మాక్రో లెన్స్‌తో పురుగును దాని అసలు సైజులో తీస్తే, ఎఫ్ 8 దగ్గర కూడా స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక మిల్లీమీటరే. అందుకే ఫోకస్ కంటి మీద ఉండాలి. రెక్కలు ముడుచుకున్న సీతాకోకచిలుకను తీసేటప్పుడు కెమెరాను రెక్కకు సమాంతరంగా పట్టుకుంటే రెక్క మొత్తం తేటగా వస్తుంది.

తేనెటీగ రెక్కలు సెకనుకు సుమారు 230 సార్లు ఆడతాయి. సెకనులో వెయ్యోవంతు వేగంతో తీసినా ఆ లోపల రెక్క పావు ఊపు తిరిగేస్తుంది. వంగపువ్వు దగ్గర మాత్రం మరో అవకాశం ఉంది. వంగ పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల్లో బిగిసి ఉంటుంది, బయటికి రావడానికి కొనన చిన్న రంధ్రాలే దారి. నీలి చారల తేనెటీగ, నల్లటి పెద్ద తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఛాతీ కండరాలు అదిరేలా చేస్తాయి. ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. ఝుంకారం ఉన్నట్టుండి హెచ్చు శ్రుతిలోకి మారిందంటే రెక్కలు నిలిచాయన్నమాట. బటన్ నొక్కాల్సింది అప్పుడే.

ఇక కరివేపాకు చెట్టు. నిమ్మజాతి మొక్కలతో పాటు దీని లేత ఆకుల మీదా నిమ్మ సీతాకోకచిలుక ఒక్కొక్కటిగా లేతపసుపు గుడ్లు పెడుతుంది. పిల్ల గొంగళి అచ్చం పక్షిరెట్టలా ఉంటుంది, పెరిగాక పచ్చబడి ఆకులో కలిసిపోతుంది. తాకితే తల వెనుక నుంచి చీలిన కొమ్ములాంటి అవయవాన్ని బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా కథంతా ఒకే కొమ్మ మీద తీయవచ్చు. పాపం, ఎక్కువ ఇళ్లలో ఆ గొంగళి కంటబడగానే మందు కొడతారు. ఒక్క కొమ్మ వదిలేసినా చాలు, చెట్టుకు ఏమీ కాదు. పేనుబంకను తినిపెట్టే అక్షింతల పురుగు పిల్లల్నీ ఇలాగే చంపేస్తున్నారు. పెద్ద పురుగు గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది కానీ పిల్ల నల్లగా, గరుకుగా ఉండటంతో చీడ అనుకుంటారు. రెంటినీ పక్కపక్కన చూపే ఫొటో ఒకటి ఇంట్లో ఉంటే ఈ పొరపాటు జరగదు.

ఇంటి తోటను ఎంత లోతుగా చదవవచ్చో ఇంగ్లండ్‌లో జెన్నిఫర్ ఓవెన్ చూపించారు. ఈ జంతుశాస్త్రవేత్త 1972 నుంచి 30 ఏళ్ల పాటు లెస్టర్ నగరంలోని తన తోటను గమనించి 2,673 జాతులు నమోదు చేశారు. వాటిలో 1,997 కీటకాలే. ఆమె ఎక్కువగా కీటకాల వలల మీద ఆధారపడ్డారు. నేడు తేదీ, చోటు, మొక్క పేరు రాసిపెట్టిన ఫొటో ఆ పనిలో చాలా భాగం చేయగలదు.

అయితే ఫొటోలో ఏది పడాలో తెలిసి ఉండాలి. కరివేపాకు మీదే పెరిగే కామన్ మార్మన్ సీతాకోకచిలుకలో కొన్ని ఆడవి ఈశ్వరి తీగ మీద పెరిగే క్రిమ్సన్ రోజ్ అనే మరో సీతాకోకచిలుక రెక్కల్ని అనుకరిస్తాయి. క్రిమ్సన్ రోజ్ ఒంట్లో విషం ఉంటుంది కనుక పక్షులు దాన్నీ, దానిలా కనబడేవాటినీ వదిలేస్తాయి. రెక్కలు మాత్రమే తీస్తే మనమూ మోసపోతాం. ఒళ్లు కూడా ఫ్రేములోకి రావాలి: ఎర్రగా ఉంటే క్రిమ్సన్ రోజ్, నల్లగా ఉంటే కరివేపాకు చెట్టు బిడ్డ.