నీటి మీద కొండ, నీటి అడుగున ఊరు

కంచరపాలెంలో కాపురముంటున్న మాకు నీళ్ళు కొత్త కావు. సెలవు రోజున పిల్లలను సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్ళని కుటుంబం మా వీధిలో లేదు. అందువల్ల ఒక జలాశయాన్ని చూడటానికి రాత్రంతా రైలులో గుంటూరుకూ, అక్కడి నుండి బస్సులో మాచర్లకూ పోవడమేమిటని ఇరుగుపొరుగు వారు ఆశ్చర్యపోయారు. కారణం మా అత్తగారు. డెబ్బయి దాటిన ఆమె ఇన్నేళ్ళలో మమ్మల్ని కోరినది ఒక్కటే. నాగార్జునకొండకు లాంచీలో ఒకసారి తీసుకువెళ్ళమని. "ఆ బొమ్మలూ రాళ్ళూ చూడటానికి కాదమ్మా. అబ్బాజాన్ అక్కడే ఉన్నారు" అన్నారు.

ఆమె తండ్రి మరణించినది ఆ లోయలోని ఒక చిన్న ఊరిలో. ఖననం చేసినదీ అక్కడే. తరువాత కొన్నాళ్ళకు సాగరు ఆనకట్ట కోసం ఊరు ఖాళీ చేయవలసివచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్లగా ఎడ్లబండి మీద సామాను మధ్య కూర్చుని వచ్చేశానని ఆమె చెబుతారు. బండి కదిలే ముందు వాళ్ళ అమ్మ ఒక్కతే ఖబ్రస్తాన్ వైపు వెళ్ళి చాలాసేపటికి తిరిగివచ్చిందట.

మాచర్లలో ఆమె తమ్ముడి ఇంట ఒక రాత్రి ఉండి, ఫజర్ నమాజు కాగానే విజయపురి సౌత్‌కు బయలుదేరాము. పాతిక కిలోమీటర్ల లోపు దారి. వెళ్ళదలచిన వారికి ఒక మాట: శుక్రవారం అక్కడి మ్యూజియంకు సెలవు. జుమా నమాజును వదులుకోవలసిన అవసరం లేకుండా అది మనకు మేలే. తగినంత మంది ప్రయాణికులు చేరేదాకా లాంచీ కదలదు. మేము గంటకు పైగా రేవులోనే కూర్చున్నాము. పిల్లలు విసుగుపడ్డారు గాని అత్తగారు నోరు మెదపలేదు.

లాంచీ ఎక్కగానే లైఫ్ జాకెట్లు ఇచ్చారు. ఎండకు చెమట పడుతున్నదని కొందరు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పడవ మునిగి పదుల ప్రాణాలు పోయిన సంగతి ఇంత త్వరగా మరచిపోగలమా? మా పిల్లల జాకెట్ల తాళ్ళు మా వారు రెండుసార్లు బిగించారు.

కొండ చేరడానికి సుమారు పదకొండు కిలోమీటర్లు, గంట ప్రయాణం. కొండ అనే పేరే అసలు సంగతి చెబుతుంది. ఇది పుట్టుకతో ద్వీపం కాదు. మూడు వైపులా నల్లమల గుట్టలు, ఒక వైపు కృష్ణానది ఉన్న లోయలో ఇదొక ఎత్తయిన గుట్ట. క్రీస్తు శకం 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. సింహళం నుండి వచ్చిన బౌద్ధ భిక్షువులకు ఇక్కడ విహారం ఉండేది. కాశ్మీరం, గాంధారం, చీనా దేశాల పేర్లు ఇక్కడి శాసనంలో కనిపిస్తాయి. 1926లో ఈ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నీళ్ళు వచ్చేలోగా త్రవ్వి చూడవలసినదంతా చూడాలని 1954 నుండి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ వారు లోయను త్రవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విడదీసి కొండపైకి చేర్చి తిరిగి నిలిపారు. కొన్నింటిని ఒడ్డున అనుపు వద్ద నిలిపారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఆ నీళ్ళతో లక్షల ఎకరాలు పండాయి. మేము తినే అన్నంలో ఆ గింజలూ ఉండే ఉంటాయి. కాబట్టి ఆనకట్టను తప్పుపట్టే అర్హత మాకున్నదని అనుకోము.

అయినా లాంచీ మధ్యకు వచ్చినప్పుడు అత్తగారు సిబ్బందిలో ఒక పెద్దాయనను పిలిచి తమ ఊరి పేరు చెప్పి, "ఎటువైపు నాయనా?" అని అడిగారు. ఆయన కొంచెం ఆలోచించి, చేయి చాచి, ఒక గుట్ట అంచుకూ మరో గుట్ట అంచుకూ నడుమ నీళ్ళను చూపాడు. "అటుపక్క ఉండాలమ్మా. మా నాయన చెప్పేవాడు." అంతకు మించి గురుతులేమీ లేవు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని రెండు చేతులూ ఎత్తారు. తండ్రి మగ్‌ఫిరత్ కోసం, ఆయన ప్రక్కన ఉన్నవారందరి కోసం దుఆ చేశారు. మేమూ చేతులెత్తాము. ప్రక్క బల్లమీది కుర్రవాళ్ళు పాట ఆపివేశారు. ఎవరూ ఆపమనలేదు.

కొండమీద చెట్ల నీడ బాగున్నది. మ్యూజియంలోని సున్నపురాతి శిల్పాల ముందు మా పెద్దమ్మాయి చాలాసేపు నిలబడి, ఆ కాలపు ఆడవాళ్ళ నగలను నోటు పుస్తకంలో గీసుకున్నది. మమ్మల్ని కదలనివ్వనిది మాత్రం ఆరుబయట ఉన్న ఒక రాళ్ళ వలయం. సుమారు రెండు వేల ఏళ్ళనాటి సమాధి అది. దానిని కూడా లోయలో నుండి పైకి తెచ్చి యథాతథంగా అమర్చారు. అత్తగారు బోర్డు చదివించుకుని విన్నారు. "మంచిపని చేశారు" అన్నారు. కొంతసేపటికి, "మా వాళ్ళవి మరీ కొత్తవి కదా" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో మాకు ఇప్పటికీ తెలియదు.

మాకు మా ఊరివాళ్ళు గుర్తుకు వచ్చారు. 1971 జనవరి 20న అదే ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి వేశారు. దాని కోసం ఊళ్ళు వదిలినవారిలో ఒక కుటుంబం మా వెనుక వీధిలోనే ఉన్నది. ఆ ఇంటి ముసలాయన పండుగనాడు మా ఇంటికి వస్తారు. ఏ ఊరు మీదని ఇన్నేళ్ళలో మేము ఆయనను ఒక్కసారి కూడా అడగలేదు.

చెట్టుక్రింద దుప్పటి పరచుకుని జుహర్ నమాజును ఖస్ర్‌గా రెండు రకాతులు చదువుకున్నాము. మాచర్ల నుండి కట్టి తెచ్చుకున్న పులిహోర, వేయించిన చేపముక్కలు తిన్నాము. తిరుగు లాంచీ వేళకు రేవులో ఉండకపోతే చిక్కే గనుక పరుగులాంటి నడకతో దిగాము.

తిరుగు ప్రయాణంలో అత్తగారు ఆ గుట్టలు కనబడే వైపే కూర్చుంటానన్నారు. మా పెద్దమ్మాయిని ప్రక్కన కూర్చోబెట్టుకుని, నగల బొమ్మల క్రింద ఖాళీగా ఉన్న చోట తమ ఊరి పేరు, తండ్రి పేరు, తాత పేరు వ్రాయించారు. లాంచీ ఊగడం వల్ల అక్షరాలు వంకరపోయాయి. ఒడ్డు చేరిన తరువాత మళ్ళీ వ్రాయమన్నారు.